లెడ్ జెప్పెలిన్ పాటలు, పాట కింద రాయని పేర్లు



పోస్టు పెద్దగానే ఉంటది, తీరిక దొరికినప్పుడు చదవండి. పోడు పట్టాలు, స్కాలర్‌షిప్పులు, జీవో 3 గురించి మాట్లాడుకునే ఈ గ్రూపులో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ గోల ఏంటని కొందరికి అనిపించొచ్చు. పోయిన నెల ఇక్కడ మేము పెట్టిన ఒక రేల పాట మీద గొడవైంది, గుర్తుంది కదా. ఆ గొడవకీ ఈ బ్యాండుకీ సంబంధం ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాం. ముందు పాటల సంగతి.

మేము నలుగురం, గోదావరి ఏజెన్సీ వాళ్ళం. హైదరాబాద్‌లో ఒకే గదిలో ఉండి చదువుకుంటున్నాం. రెండేళ్ళ కింద కాలేజీ సీనియర్ ఒకాయన పెన్‌డ్రైవ్‌లో లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్స్ అన్నీ వేసిచ్చి, "మీకు డప్పు, డోలు ఇష్టం కదా, వీళ్ళ డ్రమ్మర్‌ని వినండి" అన్నాడు. విన్నాం. ఇప్పటికీ వింటూనే ఉన్నాం. కానీ మొదటి ఆర్నెల్లు విన్నట్టు ఇప్పుడు వినలేకపోతున్నాం. పూర్తిగా వదిలెయ్యనూ లేకపోతున్నాం. ఆ సంకటమే ఈ పోస్టు.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. 1968లో లండన్‌లో మొదలైన బ్యాండు ఇది. గిటార్ జిమ్మీ పేజ్, గొంతు రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటారూ కీబోర్డూ జాన్ పాల్ జోన్స్, డ్రమ్స్ జాన్ బోనమ్. 1969 నుంచి 1979 దాకా ఎనిమిది స్టూడియో ఆల్బమ్స్ చేశారు. 1980 సెప్టెంబరులో బోనమ్ చనిపోతే ఇంకో డ్రమ్మర్‌ని పెట్టుకోకుండా బ్యాండునే ఆపేశారు. ఆ ఒక్క పనికి మాత్రం వాళ్ళంటే మాకు గౌరవం. మిగిలిన ముక్కలు ఏరి 1982లో 'కోడా' అని ఒక ఆల్బమ్ వదిలారు.

మాకు బాగా నచ్చింది 1971 నవంబరులో వచ్చిన నాలుగో ఆల్బమ్. అందులో చివరి పాట 'వెన్ ది లెవీ బ్రేక్స్'. లెవీ అంటే కరకట్ట. కరకట్ట తెగినప్పుడు అని అర్థం. ఆ డ్రమ్స్‌ని స్టూడియోలో కాదు, హెడ్లీ గ్రాంజ్ అనే పాత బంగ్లాలో మెట్లున్న హాల్లో పెట్టి కొట్టించారు. మైకుల్ని పై అంతస్తు నుంచి వేలాడదీశారు. అందుకే ఆ దెబ్బ దగ్గర నుంచి వచ్చినట్టు ఉండదు. గుట్ట అవతలి ఊళ్ళో డోలు కొడుతుంటే లోయ దాటి వస్తది చూడండి, అట్లా ఉంటది. మాలో ఒకడు చిన్నప్పటి నుంచి పండగలకి డోలు కొట్టేవాడే. ఫస్ట్ టైం విన్నప్పుడు "ఈయన తొందరపడట్లేదురా" అన్నాడు. అంతకంటే మంచి మాట మేము ఏ రివ్యూలోనూ చదవలేదు.

ఆ పాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత తెలిసింది.

1927లో అమెరికాలో మిసిసిపీ నదికి భయంకరమైన వరద వచ్చింది. ఏప్రిల్ 21న మౌండ్స్ ల్యాండింగ్ అనే చోట కరకట్ట తెగింది. మొత్తం ఆరు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలారు. గ్రీన్‌విల్ అనే ఊళ్ళో తెల్లవాళ్ళని పడవలెక్కించి పంపేశారు. నల్లవాళ్ళని మాత్రం వేలమందిని కరకట్ట మీదే ఉంచేశారు. ఎందుకో తెలుసా? ఒకసారి వెళ్ళిపోతే మళ్ళీ పత్తి చేలల్లో కూలికి రారని ఆసాముల భయం. తుపాకుల కాపలా పెట్టి కట్ట పని, సామాన్లు మోసే పని చేయించారు. తర్వాత చాలామంది షికాగో లాంటి ఉత్తరాది పట్నాలకి వలసపోయారు.

ఈ వరద మీద 1929లో కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ అనే నల్లజాతి భార్యాభర్తలు పాడి రికార్డు చేసిన పాట అది. రెండు గిటార్లు, ఒక గొంతు, అంతే. పాడింది జో. మిన్నీ గిటార్ వింటుంటే వేళ్ళు తడబడకుండా నీళ్ళలా పోతాయి. లెడ్ జెప్పెలిన్ పాట ఏడు నిమిషాలు. అసలు పాట మూడు నిమిషాలే.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ రోజుల్లో మాలో ముగ్గురి ఇళ్ళు నీళ్ళలో ఉన్నాయి. కూనవరం, వరరామచంద్రాపురం, వేలేరుపాడు వైపు మనవాళ్ళు గుట్టలెక్కి బరకాలు కట్టుకుని ఉన్నారు. ఫోన్లు కలవట్లేదు. మేము ఈ ఊళ్ళో గదిలో కూర్చుని టీవీ చూడ్డం తప్ప ఏం చేయలేకపోయాం. తర్వాత ఈ రెండు పాటలూ దొరికినప్పుడు మాకు అర్థమైన తేడా ఇది. లెడ్ జెప్పెలిన్ పాటలో వరద పెద్దగా ఉంటది, మనిషి కనపడడు. జో, మిన్నీల పాటలో మనిషి ఉంటాడు. రాత్రంతా కట్ట మీద కూర్చుని, పొద్దున ఎటు పోవాలో తెలియని మనిషి. బోనమ్ దెబ్బ గొప్పదే, కాదనం. కానీ నీళ్ళొచ్చిన ఇంటివాళ్ళకి కావాల్సిన పాట రెండోది.

ఈ పాట దగ్గర లెడ్ జెప్పెలిన్ కొంత మర్యాదగానే ఉంది. తమ నలుగురి పేర్లతో పాటు మెంఫిస్ మిన్నీ పేరు కూడా వేశారు. పాడిన జో పేరు వెయ్యలేదు. మిన్నీ 1973లో మెంఫిస్‌లో పక్షవాతంతో, పేదరికంలో చనిపోయింది. సమాధి మీద రాయి కూడా లేదు. 1996లో బోనీ రైట్ అనే గాయని డబ్బులిస్తే అప్పుడు రాయి పడింది. పేరు వేసినచోటే పరిస్థితి ఇది. ఇక వెయ్యని చోట్ల సంగతి చూడండి.

అందరికీ తెలిసిన పాట 'హోల్ లాటా లవ్'. 1969, రెండో ఆల్బమ్. ఆ గిటార్ వరస వినని వాళ్ళు ఉండరు, ఎక్కడో ఒక రీల్‌లో అయినా వినే ఉంటారు. ఆ పాటలోని మాటలు చాలావరకు 'యూ నీడ్ లవ్' అనే పాటలోవి. 1962లో మడ్డీ వాటర్స్ పాడాడు, రాసింది విల్లీ డిక్సన్. లెడ్ జెప్పెలిన్ రికార్డు మీద మాత్రం నలుగురు బ్యాండు వాళ్ళ పేర్లే ఉన్నాయి. డిక్సన్ వాళ్ళకి తెలియనివాడు కాదు. మొదటి ఆల్బమ్‌లో ఆయన పాటలు రెండు పాడి, ఆయన పేరు సరిగ్గానే వేశారు. అదే మాకు మింగుడుపడదు. తెలియక చేస్తే ఒక రకం. ఇక్కడ వెయ్యడం తెలుసు, వేసి ఉన్నారు, అదే ఏడాది ఇంకో ఆల్బమ్‌లో వెయ్యలేదు.

డిక్సన్ 1915లో మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో పుట్టాడు. షికాగో వచ్చి చెస్ రికార్డ్స్ అనే కంపెనీలో పాటలు రాస్తూ, బేస్ వాయిస్తూ, వేరేవాళ్ళ చేత పాడిస్తూ బతికాడు. 'హోల్ లాటా లవ్' సంగతి ఆయనకి చెప్పింది కూతురట. 1985లో కేసు వేశాడు. 1987లో కోర్టు బయట రాజీ అయింది. తర్వాత ఆయన పేరు పాట కింద చేరింది. పాట వచ్చాక పద్దెనిమిదేళ్ళకి.

ఇక్కడిదాకా కథ మామూలుదే. తెల్లోళ్ళు తీసుకున్నారు, నల్లోళ్ళు నష్టపోయారు అని రెండు ముక్కల్లో చెప్పేసి లైకులు కొట్టించుకోవచ్చు. కానీ ఇంకో కొస ఉంది, మాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. రెండో ఆల్బమ్‌లోనే 'బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్' అనే పాట ఉంది, అది కూడా డిక్సన్ రాసిందే. దాని మీద 1972లోనే లెడ్ జెప్పెలిన్ మీద కేసు పడింది, డబ్బు కూడా కట్టారు. కట్టింది ఎవరికి? ఆర్క్ మ్యూజిక్‌కి. అంటే చెస్ కంపెనీ వాళ్ళకి చెందిన పాటల హక్కుల సంస్థకి. డిక్సన్ చేతికి ఏమీ రాలేదు. ఆయన మళ్ళీ ఆ ఆర్క్ మీదే కేసు వేసి తన పాటల హక్కులు వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. అదే పనిని మడ్డీ వాటర్స్ కూడా చేశాడు.

అంటే దూరం నుంచి వచ్చి తీసుకున్నోడు ఒకడు, పక్కనే ఉండి కాగితం మీద సంతకం పెట్టించుకున్నోడు ఇంకొకడు. సంతలో చింతపండు, కరక్కాయ అమ్మిన ప్రతి ఇంట్లో ఈ రెండోవాడి గురించి చెప్పక్కర్లేదు.

డిక్సన్ ఆ తర్వాత చేసిన పని మాకు నచ్చింది. బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ అని ఒక సంస్థ పెట్టాడు. పాత కళాకారులకి రావాల్సిన రాయల్టీలు వెతికి పెట్టడం, హక్కుల గురించి చెప్పడం దాని పని. 1992లో ఆయన పోయాక ఆయన భార్య, షికాగోలో అదే చెస్ కంపెనీ నడిచిన పాత బిల్డింగును కొని ఆ సంస్థకి ఇచ్చింది. ఏ ఇంట్లో సంతకాలు పెట్టించుకున్నారో ఆ ఇల్లే. ఇది చదివిన రోజు రాత్రి మేము నలుగురం చాలాసేపు పడుకోలేదు.

హౌలిన్ వుల్ఫ్ 'కిల్లింగ్ ఫ్లోర్' పాట 'ది లెమన్ సాంగ్' అయింది, అదీ ఇదే కథ. జేక్ హోమ్స్ అనే ఆయన 1967లో రాసిన 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' అదే పేరుతో మొదటి ఆల్బమ్‌లో జిమ్మీ పేజ్ పేరు మీద ఉంది. హోమ్స్ 2010లో కేసు వేశాక రాజీ అయింది. లిస్టు పొడుగు, అన్నీ రాయం.

ఒక పాట గురించి మాత్రం ఆగి చెప్పాలి. 'బేబ్ ఐయామ్ గోనా లీవ్ యూ'. మొదటి ఆల్బమ్‌లో మా అందరికీ ఇష్టమైన పాట. మెల్లగా మొదలై ఒక్కసారి విరుచుకుపడతది. దాని కింద ఏమని వేశారంటే, 'సంప్రదాయ గీతం, కూర్పు జిమ్మీ పేజ్'. అంటే మన దగ్గర 'జానపదం' అని వేసినట్టు. వాళ్ళు ఆ పాటని జోన్ బయేజ్ 1962లో పాడిన రికార్డు నుంచి నేర్చుకున్నారు. నిజానికి ఆ పాటని ఆన్ బ్రెడన్ అనే ఆమె కాలేజీలో చదువుకునే రోజుల్లో, 1950ల చివర్లో రాసింది. అప్పటికి ఆమె బతికే ఉంది. తన పాట లక్షల ఇళ్ళల్లో మోగుతుందని ఆమెకి 1980లలో గానీ తెలియలేదు. 1990 నుంచి పేరు చేరింది, డబ్బూ వచ్చింది.

పేజ్ అబద్ధం ఆడాడని మేము అనట్లేదు. నిజంగానే పాత పాట అనుకుని ఉండొచ్చు. కానీ అడగలేదు. 'సంప్రదాయం' అనే మాట ఎంత సుఖంగా ఉంటదో చూడండి. ఆ మాట రాస్తే ఎవరినీ వెతకక్కర్లేదు, ఎవరికీ ఇవ్వక్కర్లేదు, పైగా సంప్రదాయాన్ని కాపాడామని పేరు కూడా వస్తది.

దీనికి ఉల్టా కూడా చేశారు. బ్లైండ్ విల్లీ జాన్సన్ అని టెక్సస్‌లో కళ్ళు లేని పాస్టరు, వీధుల్లో పాడేవాడు. 1927లో ఆయన రికార్డు చేసిన 'ఇట్స్ నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్' 1976లో 'ప్రెజెన్స్' ఆల్బమ్‌లోకి వచ్చింది. అక్కడ సంప్రదాయం అని కూడా లేదు, పేజ్, ప్లాంట్ అని ఉంది. జాన్సన్ 1945లోనే పోయాడు. 1977లో అమెరికావాళ్ళు వాయేజర్ వ్యోమనౌకలో భూమి మీది సంగీతం అంటూ పంపిన బంగారు రికార్డులో ఈయన పాట ఒకటి ఉంది. మన కేసర్‌బాయి కేర్కర్ గొంతు కూడా అందులోనే ఉంది. సూర్యుణ్ణి దాటి పోయే రికార్డు మీద చోటు దొరికిన మనిషికి, ఒక ఏడాది ముందు లండన్ వాళ్ళ రికార్డు అట్ట మీద చోటు దొరకలేదు.

ఇప్పుడు వాళ్ళ వైపు మాట. బ్లూస్ అనేదే చేతులు మారే పాట అంటారు. ఒకరి లైను ఇంకొకరు తీసుకుని, ఊరి పేరు మార్చి, నది పేరు మార్చి పాడుకునేవాళ్ళు. మడ్డీ వాటర్స్ కూడా ఎవరి దగ్గరో నేర్చుకున్నవాడే, డిక్సన్ కూడా పాతవాటి మీద కొత్తవి కట్టినవాడే. మరి ఇంగ్లండ్ పిల్లలు చేస్తే తప్పేంటి?

ఈ వాదనని మేము తేలిగ్గా తీసుకోం. ఎందుకంటే మన పాటలూ అంతే కదా. నాట్ల పాట, పెళ్ళి పాట, రేల పాట, ఏదైనా సరే. ఒక ఊళ్ళో పాడింది ఇంకో ఊళ్ళో ఇంకోలా ఉంటది. ఎవరూ ఎవరి మీదా కేసు పెట్టరు. పాట ఎవరి సొత్తూ కాదని మనమే గొప్పగా చెప్పుకుంటాం.

కానీ పొలం గట్టు మీద పాట చేతులు మారడం వేరు, రిజిస్టరు మీద మారడం వేరు. నువ్వు నా పాట పాడినా, నేను నీ పాట పాడినా ఇద్దరికీ అది ఉంటది, ఎవరికీ తగ్గదు. అందులో ఒకడు పోయి ఆ పాట నాది అని కాగితం మీద రాయించుకున్న నిమిషం నుంచి లెక్క మారతది. భూమి విషయంలో మన తాతలకి జరిగింది ఇదే కదా. అందరం దున్నుకున్నాం, ఎవరూ రాయించుకోలేదు. రాయించుకున్నోడు వచ్చాడు, భూమి వాడిదైంది. 1/70 చట్టం ఎందుకు వచ్చిందో ఈ గ్రూపులో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఇంకో మాట. మనకి పేర్లు పట్టని సంప్రదాయం అనేది కూడా పూర్తి నిజం కాదు. కోయ డోలి పడిగె విప్పి చెప్పడం మొదలుపెడితే ఏ గట్టు, ఏ వేల్పు, ఎవరి కొడుకు ఎవరు అని వరసపెట్టి పేర్లు చెప్తాడు. 2022లో పద్మశ్రీ వచ్చిన సకిని రామచంద్రయ్య గారు చేసింది ఆ పనే. పేర్లు మోయడమే ఆ పాట పని. మనకి పేర్లు అక్కర్లేదని చెప్పింది మనం కాదు, మన పాటలు తీసుకెళ్ళినోళ్ళు.

లెడ్ జెప్పెలిన్‌ని తిట్టేవాళ్ళు అన్నిచోట్లా కరెక్టని కూడా అనుకోకండి. 'స్టెయిర్‌వే టు హెవెన్' మీద 2014లో కేసు పడింది. స్పిరిట్ అనే బ్యాండు వాయించిన 'టారస్' నుంచి ఆ మొదటి గిటార్ ముక్క తీశారని. 2016లో జ్యూరీ కాదంది, పైకోర్టులో నలిగి 2020లో లెడ్ జెప్పెలిన్ పక్షానే తేలింది. రెండూ పక్కపక్కన పెట్టి ఇరవైసార్లు విన్నాం. మా తీర్పు కూడా కోర్టు తీర్పే. మెట్టు మెట్టు కిందికి దిగే ఆ స్వరాల వరస ఎవడి సొంతమూ కాదు, అది చేలో గాలి లాంటిది. దాన్ని కూడా ఒకడికి రాసిచ్చేస్తే రేపు గిటార్ ముట్టుకోవడానికి కూడా లేకుండా పోతది. కాకపోతే ఆ పాటే వాళ్ళ పాటల్లో గొప్పది అనే మాట మేము ఒప్పుకోం. మా నలుగురిలో ముగ్గురికి అది సాగదీసినట్టే ఉంటది.

మూడో ఆల్బమ్ రెండో వైపు బాగుంటది. 1970లో వేల్స్ కొండల్లో కరెంటు లేని ఒక చిన్న ఇంట్లో కూర్చుని చేసుకున్న పాటలు కొన్ని అందులో ఉన్నాయి. చప్పుడు తక్కువ, చెట్టు కింద కూర్చుని వాయించినట్టు ఉంటది. అదే ఆల్బమ్ మొదటి వైపు మొదలయ్యే 'ఇమిగ్రెంట్ సాంగ్' మాత్రం మాకు నవ్వూ వస్తది, మంటా వస్తది. థోర్ రాగ్నరాక్ సినిమాలో ఫైటుకి వేస్తారే, అదే. మంచు దేశం నుంచి పడవలెక్కి కొత్త నేలల మీద పడి ఏలడానికి బయల్దేరిన వైకింగుల పాట అది. థియేటర్లో అందరూ ఈలలు వేశారు, మేమూ వేశాం. గదికొచ్చి మాటలు వెతుక్కుని చదివాక మాలో ఒకడు అన్నాడు, "మనం పడవలో లేం రా, ఒడ్డు మీద ఉన్నాం." అయినా ఆ కేక మళ్ళీ వినపడితే తల ఊగుతది. ఏం చేస్తాం.

'కాశ్మీర్' గురించి కూడా ఒక మాట. 1975 పాట, ఏనుగు నడకలా ఉంటది, వాళ్ళ పాటల్లో మాకు రెండో స్థానం దానిదే. రాబర్ట్ ప్లాంట్ అది రాసేనాటికి కాశ్మీర్ చూడలేదు. మొరాకో ఎడారిలో కారులో పోతూ రాశాడు. మరీ అంత తప్పేం కాదులెండి, మన సినిమా కవులు కూడా చూడని ఊళ్ళ మీద బోలెడు రాశారు.

వాళ్ళు మన దేశం అయితే వచ్చారు. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయిలో దిగి, ఇక్కడి వాద్యకారులతో 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' అనే తమ రెండు పాటల్ని కొత్తగా వాయించి రికార్డు చేశారు. అది నలభై ఏళ్ళకి పైగా అటక మీద ఉండి, 2015లో 'కోడా' కొత్త ముద్రణలో బయటికొచ్చింది. ఎవరు వాయించారో చూద్దామని ఆత్రంగా వెతికాం. 'బాంబే ఆర్కెస్ట్రా' అని ఉంది. అంతే. తబలా ఎవరు, సారంగి ఎవరు, ఎవరి పేరూ లేదు. 1969లో మొదటి ఆల్బమ్ మీద మాత్రం తబలా వాయించిన విరామ్ జసానీ పేరు వేశారు. ఆయన లండన్‌లో ఉన్నాడు మరి.

పేరు పెట్టడం కష్టమేం కాదు, వాళ్ళకి చాతకాక కాదు. ఎదుటివాడు వచ్చి అడగగలిగిన చోట పెట్టారు. అడగలేనివాడి దగ్గర మర్చిపోయారు. దొరికిపోయేది సక్సెస్ అయినప్పుడే అని ప్లాంటే తర్వాత ఒక ఇంటర్వ్యూలో నవ్వుతాలుగా అన్నాడు. ఇంత బాగా వాయించేవాళ్ళు ఇంత చిన్న పనిలో ఎందుకు కక్కుర్తి పడ్డారో మాకు ఇప్పటికీ అర్థం కాదు. మెంఫిస్ మిన్నీ పేరు వేస్తే బోనమ్ దెబ్బ చప్పబడిందా?

సరే. ఇప్పుడు మా సంగతి.

పోయిన నెల మేము యూట్యూబ్‌లో పెట్టి, ఈ గ్రూపులో లింకు వేసిన రేల పాట ఉంది కదా. గిటార్, బేస్, డోలు కలిపి చేసింది. కింద 'రచన, సంగీతం' అని మా బృందం పేరు వేసుకున్నాం. మీరంతా మెచ్చుకున్నారు, షేర్ చేశారు. అప్పుడు ఒక అక్క కామెంట్ పెట్టింది. "తమ్ముళ్ళూ, పాట బాగుంది. ఇది మా ఊళ్ళో ముసలమ్మలు పాడేది. రచన మీరెప్పుడు చేశారు?" అని. దానికి మేము ఏం జవాబిచ్చామో మీకు గుర్తుండే ఉంటది. "జానపదం కదా అక్కా, అందరిదీ" అన్నాం. తర్వాత మాటా మాటా పెరిగింది. మాలో ఒకడు ఆ అక్కని అనకూడని మాట కూడా అన్నాడు. అడ్మిన్ అన్న కామెంట్లు ఆపేశాడు.

ఆ రోజు రాత్రి కూడా గదిలో మోగుతున్నది లెడ్ జెప్పెలినే. ఆన్ బ్రెడన్ గురించి, డిక్సన్ గురించి ఇదంతా అప్పటికే మేము చదివి ఉన్నాం. జిమ్మీ పేజ్‌ని తిట్టి ఉన్నాం. ఆయన చెప్పిన జవాబే ఆ అక్కకి చెప్పామని తట్టడానికి మాకు నాలుగు రోజులు పట్టింది.

అక్కా, తప్పు మాది. అందరి ముందూ అన్నాం కాబట్టి అందరి ముందూ ఒప్పుకుంటున్నాం.

ఆ పాట మేము నేర్చుకున్నది మాలో ఒకడి అమ్మమ్మ దగ్గర. పోయిన వారం ఊరెళ్ళి ఆమెని అడిగాం, "పాట కింద నీ పేరు వేస్తాం అమ్మమ్మా" అని. ఆమె ఒప్పుకోలేదు. "నాది కాదయ్యా. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో పోడు చేలో ఒకామె పాడేది, ఆమె దగ్గర నేర్చుకున్నా. ఆమె పేరు రాయండి" అంది. ఆమె పేరేంటని అడిగితే చాలాసేపు ఆలోచించింది. ఏరు అవతలి నుంచి కోడలిగా వచ్చిన మనిషట. అందరూ 'అవతలి ఒడ్డామె' అని పిలిచేవాళ్ళట. అసలు పేరు ఎవరూ వాడలేదట. ఆమె పుట్టిన ఊరు పోలవరం ముంపులో పోయింది. అక్కడి వాళ్ళని కాలనీలకి పంపించారు, తలా ఒక దిక్కు అయ్యారు.

ప్రస్తుతానికి యూట్యూబ్‌లో 'రచన' అనే మాట తీసేశాం. పాడి వినిపించిన అమ్మమ్మ పేరు, ఊరు వేశాం, ఆమెని అడిగే వేశాం. దాని పైన 'అవతలి ఒడ్డామె దగ్గర నేర్చుకున్నది' అని రాశాం. గిటార్, బేస్, డోలు మా పేర్లతో కింద ఉన్నాయి. ఇప్పటిదాకా ఆ వీడియోకి వచ్చింది పెద్ద మొత్తం ఏం కాదు. వచ్చినది అమ్మమ్మకి ఇస్తే సగమే తీసుకుని, మిగతా సగం "ఆమె మనుషులు దొరికితే ఇవ్వండి" అని మా దగ్గరే ఉంచింది.

పునరావాస కాలనీల్లో ఉంటున్న వాళ్ళు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఆ పాట వినిపించండి. పాటలో రెండో చరణంలో ఇప్పపూల చెట్టు దగ్గర ఒక ఊరి పేరు వస్తది, అది ఆమె పుట్టిన ఊరేనని అమ్మమ్మ అంటోంది. ఆ ఊరి నుంచి యాభై అరవై ఏళ్ళ కింద ఏరు దాటించి ఇచ్చిన ఆడపిల్ల, ఎడమ చెంప మీద పచ్చబొట్టు, రేల పాటల్లో ముందు నిలబడి ఎత్తుకునేదట. ఎవరికైనా ఆమె పేరు తెలిస్తే కామెంట్లో వద్దు, మాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఆమె మనుషుల్ని అడిగాకే వేస్తాం.